ప్రశ్నను కాల్చితే జవాబూ కాలిపోతుంది



వేములలోనో, పులివెందులలోనో, ప్రొద్దుటూరులోనో ఒక కతోలిక కుటుంబాన్ని ఊహించుకోండి. రాత్రి జపమాల ముగిసింది. ఇంటరు చదివే కొడుకు సెల్‌ఫోను పక్కన పెట్టి అడుగుతాడు: "నాయనా, మత్తయి రాసిన వంశావళిలో యోసేపుగారి తండ్రి పేరు యాకోబు అని ఉంది. లూకా రాసిన దాంట్లో హేలీ అని ఉంది. ఒక మనిషికి ఇద్దరు తండ్రులు ఎట్లుంటారు? కాలేజీలో పిల్లోళ్లు అడిగితే నాకు ఏం చెప్పాల్నో తెలియలేదు."

తల్లి ఉలిక్కిపడి, "దేవుని మాట మీద ప్రశ్నలేందిరా, లెంపలేసుకో" అంటుంది. తండ్రి, "ఆదివారం ఫాదరుగారిని అడుగుదువులే" అని దుప్పటి కప్పుకుంటాడు. అన్న మాత్రం, "అడిగినోడు ఎవడో చెప్పు, వాని సంగతి చూస్తాం" అంటాడు. ఈ మూడింటిలో ఏదీ జవాబు కాదు. ఆ పిల్లవాడు మళ్లీ ఇంట్లో అడగడు. ప్రశ్న మాత్రం వాడి మనసులోనే ఉండిపోతుంది. మనం దాన్ని వాడితో పంచుకోకపోతే ఇంకెవరో పంచుకుంటారు.

మనం తెలుసుకోవలసినది ఏమంటే, ఈ ప్రశ్న ఈనాటిది కాదు, సెల్‌ఫోను తెచ్చిపెట్టినదీ కాదు. దీని వయసు దాదాపు పద్ధెనిమిది వందల ఏళ్లు. మన తిరుసభ ఇంకా పసిబిడ్డగా ఉన్నప్పుడే, చేతిలో అధికారం లేనప్పుడే, ఇలాంటి ప్రశ్నలను ఎదుర్కొన్నది. ఆ రోజుల్లో మన పూర్వికులు ఎలా జవాబు చెప్పారో, తరువాత అధికారం చేతికి వచ్చినప్పుడు ఏమి జరిగిందో చూస్తే, విశ్వాసాన్ని ప్రశ్నించేవారి పట్ల మన ధర్మం ఏమిటో తెలుస్తుంది.

అడిగినవారు ఎవరు?

సుమారు క్రీ.శ. 178 ప్రాంతంలో సెల్సస్ అనే గ్రీకు పండితుడు "సత్యవాక్కు" అన్న పేరుతో క్రైస్తవుల మీద ఒక గ్రంథం రాశాడు. ఆయన సువిశేషాలను ఊరకే తిట్టలేదు, చదివి తిట్టాడు. దేవుని కుమారుడైతే సొంత శిష్యుడే ఎందుకు అప్పగించాడు? పునరుత్థానుడైతే తీర్పు చెప్పిన అధికారికి, హింసించిన శత్రువులకు ఎందుకు కనబడలేదు? కనబడినట్టు చెప్పినవారిలో ముఖ్యురాలు మతి చలించిన ఒక స్త్రీ కదా? మీవాళ్లే సువిశేషాన్ని మూడుసార్లు, నాలుగుసార్లు తిరగరాసుకున్నారు కదా? ఇవి ఆయన ప్రశ్నలు.

మూడవ శతాబ్దంలో తూరు పట్టణానికి చెందిన పోర్ఫిరీ వచ్చాడు. ఆయన సెల్సస్ కంటే గట్టి పండితుడు. క్రైస్తవులకు వ్యతిరేకంగా పదిహేను భాగాల గ్రంథం రాశాడు. మార్కు తన సువిశేషం ఆరంభంలో యెషయా పేరు చెప్పి, యెషయా గ్రంథంలో లేని మాట కూడా అందులో కలిపాడని పట్టుకున్నాడు. సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మత్తయి, ఎవరో పిలవగానే లేచి వెళ్లిపోవడం నమ్మదగిన సంగతేనా అని అడిగాడు. నాలుగవ శతాబ్దంలో, 361 నుండి 363 వరకు రోము సామ్రాజ్యాన్ని ఏలిన జూలియన్ చక్రవర్తి, క్రైస్తవుడుగా పెరిగి ఆ విశ్వాసాన్ని విడిచినవాడు, తానూ ఒక గ్రంథం రాశాడు. మన పిల్లవాడు అడిగిన ఇద్దరు తండ్రుల ప్రశ్నను జూలియన్ కూడా ఎత్తిచూపాడు.

చెప్పులు కుట్టేవారి వేదం

సెల్సస్ చేసిన ఎగతాళి ఒకటి మన ప్రాంతం వారు ప్రత్యేకంగా వినాలి. ఈ మతాన్ని ఎవరు బోధిస్తున్నారో చూడండి, ఉన్ని వడికేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, చదువురాని మొరటు మనుషులు అన్నాడు. పెద్దల ముందు నోరు విప్పలేరు గాని, ఇంట్లో పిల్లలు, ఆడవాళ్లు దొరికితే బోధిస్తారు అని వెక్కిరించాడు.

ఈ మాట మన చెవులకు కొత్తదా? మన విచారణల్లో ఎందరి తాతలు చెప్పులు కుట్టినవారు కారు? ఎందరి అవ్వలు ముగ్గురాయి గనుల్లో తట్టలు మోయలేదు, రెడ్ల పొలాల్లో జీతానికి ఉండలేదు? "మీకెందుకురా చదువు, మీకెందుకురా వేదం" అన్న మాట పడని పాత కుటుంబం మన పల్లెల్లో అరుదు.

ఈ ఎగతాళికి జవాబు చెప్పినవారు అలెగ్జాండ్రియాకు చెందిన ఒరిజెన్. ఆయన తండ్రి లెయోనిదెస్ 202లో వేదసాక్షిగా చనిపోయారు. ఒరిజెన్ అప్పటికి ఇంకా పిల్లవాడే. ఆయన తన కాలంలో గొప్ప పండితుడు. కావాలంటే, "మాలోనూ చదువుకున్నవారు ఉన్నారు, మమ్మల్ని చెప్పులు కుట్టేవారితో కలపవద్దు" అని తప్పుకోగలిగేవారు. ఆయన అలా తప్పుకోలేదు. మీ తత్త్వవేత్తలు బానిసలకు తత్త్వం నేర్పితే గొప్ప పని అంటారు, మేము అదే పని చేస్తే తప్పు ఎలా అయింది అని అడిగారు. జ్ఞానులను మేము రావద్దనలేదు, కానీ సామాన్యుడి ముఖాన తలుపు వేయం అన్నారు. ఎగతాళిలో ఉన్న నిజాన్ని దాచకుండా, అందులో సిగ్గుపడవలసినది లేదని చూపించారు. మన విచారణల్లో ఈనాటికీ కులం పేరెత్తితే తలవంచుకునేవారికి, ఇంకా ఘోరంగా, తోటి విశ్వాసిని అదే కులం పేరుతో వెనుక బెంచీకి నెట్టేవారికి ఈ జవాబు వినిపించాలి. దేవాలయంలో కులం పాటించేవాడు ఒరిజెన్ పక్షాన లేడు, సెల్సస్ పక్షాన ఉన్నాడు.

ఎదుటివాడి మాట ఎదుటివాడి నోటితోనే

ఒరిజెన్ ఈ గ్రంథాన్ని సుమారు 248లో, అంబ్రోసు అనే స్నేహితుడు కోరగా రాశారు. అప్పటికి సెల్సస్ పుస్తకం పుట్టి డెబ్బయి ఏళ్లయింది. మొదట ఆయనకు ఒక సందేహం కలిగింది. ప్రభువు తన మీద అబద్ధ సాక్ష్యాలు చెబుతుంటే మౌనంగా నిలిచారు కదా, మనం ఎందుకు వాదించాలి? శిష్యుల మంచి జీవితమే తగిన జవాబు కదా? ముందుమాటలో ఈ సంగతి రాసుకుని, అయినా విశ్వాసంలో బలహీనంగా ఉన్నవారి కోసం రాస్తున్నానని చెప్పారు.

ఈ తేడాను గమనించండి. నన్ను తిట్టినప్పుడు నేను మౌనంగా ఉండవచ్చు, అది వినయం. కానీ నా బిడ్డ తడబడుతున్నప్పుడు మౌనంగా ఉంటే, అది వినయం కాదు, వాణ్ణి విడిచిపెట్టడం.

ఇక ఆయన జవాబు చెప్పిన పద్ధతి చూడండి. సెల్సస్ వాక్యాన్ని ముందు ఉన్నది ఉన్నట్టు రాశారు. తరువాత దానికి జవాబు రాశారు. ఇలా ఎనిమిది భాగాలు. ప్లేటో వంటివారు మంచి మాట చెప్పిన చోట అది మంచి మాటేనని ఒప్పుకున్నారు. సువిశేషాన్ని తిరగరాశారన్న నిందకు, మార్కియోను, వాలెంతీనుల అనుచరులు అలా చేశారు, ఆ తప్పు వారిది, బోధది కాదు అన్నారు. అలాగని ప్రతులన్నీ ఒక్కటిగా ఉన్నాయని గొప్పలు పోలేదు. నకలు రాసేవారి అజాగ్రత్త వల్ల మత్తయి ప్రతుల్లో తేడాలు వచ్చాయని మరోచోట ఆయనే రాశారు.

సువిశేషాలు కల్పితమన్న నిందకు ఆయన చెప్పిన జవాబు చాలా సూటియైనది. కట్టుకథ రాసేవాడు తమ పెద్దను హీనపరుస్తాడా? పేతురు ప్రభువును ఎరుగనన్నాడని, శిష్యులందరూ పారిపోయారని ఎవరు రాశారు? శత్రువులు కాదు, ఆ శిష్యుల వర్గంవారే రాశారు. రాయకుండా ఉంటే ఆ సంగతి ప్రపంచానికి తెలిసేదే కాదు. సమాధి దగ్గరికి మొదట వెళ్లినది స్త్రీలే అని నాలుగు సువిశేషాలూ చెబుతున్నాయి. స్త్రీ సాక్ష్యానికి విలువ తక్కువ కట్టే ఆ కాలంలో, కల్పించేవాడు అలా కల్పించడు.

ఇద్దరు తండ్రులు, నలుగురు సాక్షులు

మన పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఒరిజెన్ కంటే కొంచెం ముందుతరం వాడైన జూలియస్ ఆఫ్రికానుస్ ఒక ఉత్తరంలో రాశారు. యూదుల ధర్మం ప్రకారం అన్న సంతానం లేకుండా చనిపోతే, తమ్ముడు వదినను పెండ్లాడి అన్న పేరు నిలబెట్టాలి. హేలీ అలా చనిపోతే, ఒకే తల్లి బిడ్డయైన యాకోబుకు ఆమె వలన యోసేపు పుట్టాడు. కన్నతండ్రి యాకోబు, ధర్మం ప్రకారం తండ్రి హేలీ. మనకు ఇది అర్థం కాని సంగతి కాదు. దత్తత పోయినవాడికి కన్నతండ్రి పేరు ఒకటి, పొలం పాసుపుస్తకంలో పేరు ఒకటి. రెండూ నిజమే. అడిగే సందర్భాన్ని బట్టి ఒక పేరు చెబుతాం.

అయితే ఆ ఉత్తరంలో ఈ జవాబు కంటే విలువైన మాటలు రెండున్నాయి. ఆ రోజుల్లో కొందరు భక్తులు, క్రీస్తు రాజూ యాజకుడూ అని చూపడానికి ఆ పేర్లను కావాలనే అలా కూర్చారని సర్దిచెప్పేవారు. ఆఫ్రికానుస్ మండిపడ్డారు. క్రీస్తు మహిమ కోసమైనా సరే, అబద్ధం అల్లకూడదు అన్నారు. రెండవది, తన వివరణకు తిరుగులేని సాక్ష్యం లేదని, ఇంతకంటే మేలైనది దొరకనందువల్ల దీన్ని చెబుతున్నానని ఆయనే ఒప్పుకున్నారు. మన ఇళ్లలో, మన వేదికల మీద ఈ నిజాయితీ ఎంత ఉంది? అద్భుతం జరిగిందని వినగానే విచారించకుండా పదిమందికి పంపేవారు ఆఫ్రికానుస్ మాటను ఒకసారి తలచుకోవాలి.

సువిశేషాల మధ్య తేడాల గురించి నాలుగవ శతాబ్దం చివర అంతియోకయలో బోధించిన పునీత యోహాను క్రిసోస్తోము చెప్పిన మాట మన కోర్టులు చూసినవారికి ఇట్టే అర్థమవుతుంది. నలుగురు సాక్షులు వచ్చి ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట చెబితే పులివెందుల కోర్టులో ప్లీడరు ఏమంటాడు? వీళ్లందరికీ ఒకరే నేర్పి తీసుకొచ్చారు అంటాడు. క్రిసోస్తోము వాదమూ ఇదే. అన్నీ అక్షరాలా కలిసి ఉంటే, కూడబలుక్కున్నారని శత్రువులు అనేవారు. చిన్న విషయాల్లో తేడా, ముఖ్య విషయాల్లో ఐక్యత, ఇదే వారి సత్యానికి గుర్తు.

సుమారు 400లో పునీత అగుస్తీనువారు నాలుగు సువిశేషాల పొందిక మీద ఒక పూర్తి గ్రంథమే రాశారు. క్రీస్తు మంచివాడే, శిష్యులే లేనిపోనివి రాశారు అనేవారికి అది జవాబు. స్నాపక యోహాను ప్రభువు చెప్పులు మోయడానికి తగనన్నాడా, చెప్పుల వారు విప్పడానికి తగనన్నాడా? మత్తయి ఒక విధంగా, మార్కు ఒక విధంగా రాశారు. చెప్పదలచిన భావం, అంటే తాను ప్రభువుకు సేవకుడుగా ఉండడానికి కూడా తగడన్నది, రెండింటిలోనూ ఒకటే కదా అని అగుస్తీనువారు వివరించారు.

వీటికంటే పెద్ద జవాబు తిరుసభ మాటలతో కాదు, చేతలతో చెప్పింది. సుమారు 170లో తాతియాను అనే ఆయన నాలుగు సువిశేషాలను కలిపి, తేడాలు సరిచేసి, ఒకే కథగా కూర్చాడు. సిరియా ప్రాంతపు దేవాలయాల్లో చాలాకాలం దానినే చదివారు. విమర్శకుల నోరు మూయించడానికి అంతకంటే సులువైన ఉపాయం లేదు. అయినా తిరుసభ దాన్ని స్వీకరించలేదు. అయిదవ శతాబ్దంలో థెయొదొరేతు మేత్రాణులు తన పీఠంలో ఆ ప్రతులు రెండు వందలకు పైగా కనబడితే సేకరించి పక్కన పెట్టి, నాలుగు సువిశేషాలను తిరిగి ఇచ్చారు. తేడాలు కనిపిస్తాయని తెలిసీ, ఎగతాళి చేస్తారని తెలిసీ, నలుగురినీ నలుగురుగానే ఉంచుకున్నాం.

మన కడపవారికి దీనికి దగ్గర పోలిక ఉంది. 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌను దొర, వేమన పద్యాల తాళపత్ర ప్రతులు ఎన్నో సేకరించి, పాఠాలు పోల్చి చూచి, 1829లో అచ్చువేయించారు. ప్రతికీ ప్రతికీ తేడా ఉన్నదని ఎవరైనా వేమన లేడన్నారా? ఆ తేడాలను దాచకుండా పోల్చి చూసినందువల్లే ఈనాడు ఆయన పనికి విలువ.

నిప్పు చేసిన నష్టం

ఇక చరిత్రలో మనం తలవంచుకోవలసిన పుట. నాలుగవ శతాబ్దంలో రాజ్యాధికారం క్రైస్తవుల చేతికి వచ్చింది. పోర్ఫిరీ గ్రంథాన్ని నాశనం చేయమని కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆజ్ఞాపించాడు. 448లో రెండవ థియోడోసియస్ చక్రవర్తి మళ్లీ దానిని అగ్నికి ఆహుతి చేయమన్నాడు. ఈనాడు ఆ పదిహేను భాగాల్లో మిగిలినవి తునకలే.

దానివల్ల సత్యానికి మేలు జరిగిందా? చూడండి. పోర్ఫిరీకి జవాబుగా మెథోదియుసు రాశారు. యూసేబియసు మేత్రాణులు ఇరవై అయిదు భాగాలు రాశారు. లవొదికయ అపొల్లినారిసు ముప్పై భాగాలు రాశారు. ఈ మూడు జవాబులూ ఈనాడు లేవు. ప్రశ్న కనుమరుగయ్యాక జవాబును నకలు రాసి భద్రపరచేవారు ఎవరు? ఒరిజెన్ మాత్రం సెల్సస్ మాటలను తన గ్రంథంలో పెట్టి జవాబు చెప్పారు. అందువల్ల సెల్సస్ పుస్తకం విడిగా దొరకకపోయినా, అందులో అధికభాగం ఒరిజెన్ పుస్తకంలో బ్రతికింది. అలెగ్జాండ్రియా సిరిల్ మేత్రాణులు అలాగే రాసినందువల్ల జూలియన్ మాటలూ కొన్ని నిలిచాయి. విశ్వాసాన్ని ఖండించినవారి గొంతును పద్ధెనిమిది వందల ఏళ్లు కాపాడినది విశ్వాసులే. దానివల్ల విశ్వాసం చావలేదు.

ఇంకొక సంగతి. పోర్ఫిరీ అన్నీ తప్పే చెప్పలేదు. దానియేలు గ్రంథం బబులోను కాలంలో కాదు, క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దంలో అంతియోకుసు రాజు హింసల కాలంలో పుట్టిందని ఆయన వాదించాడు. పునీత జెరోమువారు దానిని ఖండిస్తూనే ఆ వాదాన్ని తన వ్యాఖ్యానంలో భద్రపరిచారు. ఈనాడు కతోలిక బైబులు పండితుల్లో అత్యధికులు ఆ గ్రంథం కాలం విషయంలో పోర్ఫిరీ చెప్పినదాన్నే అంగీకరిస్తారు. అందువల్ల దానియేలు గ్రంథం దైవవాక్కు కాకుండా పోలేదు. హింసలో ఉన్న ప్రజలకు ధైర్యం చెప్పడానికి పుట్టిన గ్రంథమని మనకు ఇంకా బాగా అర్థమయింది. శత్రువు చేతిలో కూడా దేవుడు మనకొక దీపం పంపవచ్చు. చేతిని చూచి దీపాన్ని ఆర్పకూడదు.

రెండవ వాటికన్ మహాసభ 1965లో దైవవాక్కును గురించి ప్రకటించిన పత్రంలో, సువిశేషకారులు తమకు అందినవాటిలో కొన్నిటిని ఎంచుకుని, కొన్నిటిని కుదించి, తమ సంఘాల పరిస్థితికి తగినట్టు వివరించి రాశారని, అయినా యేసును గురించి సత్యమే చెప్పారని తిరుసభ బోధించింది. కాబట్టి తేడాలను చూచి భయపడనవసరం లేదు.

మన ఇంటి ధర్మం

మరి మనం చేయవలసినది ఏమిటి? మొదట, పిల్లల్ని అడగనివ్వండి. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, బైబులు తెరచి మత్తయినీ లూకానూ పక్కపక్కన పెట్టి వారితో కలిసి చదవండి. తండ్రి "తెలియదు" అన్నందువల్ల విశ్వాసం పోయిన పిల్లలు తక్కువ. తెలిసినట్టు నటించి కసిరినందువల్ల దూరమైన పిల్లలు ఎక్కువ.

రెండవది, ఎదుటివాడి ప్రశ్నను వాడు అడిగినంత బలంగానే చెప్పగలిగే వరకు జవాబుకు తొందరపడవద్దు. ఇదే న్యాయాన్ని మనం మన ఇరుగుపొరుగుకూ చూపాలి. మన హిందూ సోదరులు, ముస్లిం సోదరులు సెల్సస్‌లు కారు. బక్రీదుకూ ఉగాదికీ మన ఇంటికి పళ్లెం పంపేవారు. వారి దేవతలను, గ్రంథాలను వీధిలో నవ్వులపాలు చేసే కరపత్రం మన చేతిలో ఉంటే, మన గ్రంథాలను గురించి ఎవరో నవ్వినప్పుడు బాధపడే హక్కు మనకు ఎక్కడిది?

మూడవది, జీవితం. క్రైస్తవులను ద్వేషించిన జూలియన్ చక్రవర్తి 362లో తన మతగురువు ఒకరికి రాసిన ఉత్తరంలో, ఈ గలిలయులు తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనకు సిగ్గుచేటు అని వాపోయాడు. మన గ్రంథాన్ని ఖండించిన చేతితోనే మన సేవకు సాక్ష్యం రాశాడు. ఆయన ఈనాడు మన ఊరికి వస్తే అదే మాట రాయగలడా? ఈ ప్రశ్నకు మాత్రం పండితులు మన తరఫున జవాబు చెప్పలేరు.

తోమావారిని తలచుకోండి. తాను చూడందే, తాకందే నమ్మనన్నారు. తోటి శిష్యులు ఆయనను గుంపులోనుండి తరిమివేయలేదు. ఎనిమిది రోజులు అనుమానంతోనే ఆయన వారి మధ్య ఉన్నారు. ప్రభువు ఆ ఒక్కని కోసం, మూసిన తలుపుల లోపలికి మళ్లీ వచ్చి, కసిరి నోరు మూయించకుండా తన గాయాలను చూపారు. మన ఇంట్లో అడిగేవారికి అన్నం పెట్టి, కూర్చోబెట్టి, వినే చోటు ఉంటే, ప్రభువు అక్కడికీ వస్తారు.